పాశ్చర్ (ఇంటిపేరు)

పాశ్చర్ ఫ్రెంచి భాషకు చెందిన ఇంటిపేరు. 'మందను మేపేవాడు, కాపరి' అని దీని అర్థం. ఫ్రాన్సుకు తూర్పున, స్విట్జర్లాండు సరిహద్దును ఆనుకొని ఉన్న ఫ్రాంష్-కోంతే ప్రాంతంలో ఈ పేరు గల కుటుంబాలు శతాబ్దాలుగా ఉన్నాయి. వృత్తిని బట్టి ఏర్పడిన ఇంటిపేర్లలో ఇదొకటి. దీన్ని ధరించినవారు ఫ్రాన్సులోనే పెద్ద సంఖ్యలో లేరు. తెలుగువారి ఇంటిపేర్లలో దీనికి చోటు లేదు. అయినా తెలుగు చదువుకున్నవారిలో ఈ పేరు వినని వారుండరు. లూయీ పాశ్చర్ (1822–1895) అనే ఒక్క వ్యక్తి వల్ల ఇది ఇంటిపేరు స్థాయిని దాటి శాస్త్ర పరిభాషలోకి, వీధుల పేర్లలోకి, సంస్థల పేర్లలోకి వెళ్లింది. హైదరాబాదుకు ఉత్తరాన ఉన్న మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతానికి టీకాల పరిశ్రమ వెంట వచ్చింది.

ఉచ్చారణ, తెలుగు రాత

ఫ్రెంచివారి నోట ఈ పేరు 'పస్తోర్', 'పస్తెర్' అనే రెండు పలుకుబడులకు మధ్యస్థంగా ఉంటుంది. అందులోని చివరి అచ్చుకు తెలుగులో అక్షరం లేదు. తెలుగులో స్థిరపడిన 'పాశ్చర్' అనే రూపం ఇంగ్లీషు ఉచ్చారణ ద్వారా వచ్చింది. పాఠ్యపుస్తకాల్లో, పత్రికల్లో లూయీ పాశ్చర్, లూయి పాశ్చర్, పాస్చర్ అనే రాతలు కనిపిస్తాయి. ఈ వ్యాసంలో ఎక్కువ వాడుకలో ఉన్న 'పాశ్చర్' రూపాన్నే తీసుకున్నాం.

వ్యుత్పత్తి

ఈ పేరుకు మూలం లాటిన్ 'పాస్తోర్'. మేపు, మేత పెట్టు అనే అర్థం గల 'పాస్కెరె' అనే క్రియ నుంచి అది పుట్టింది. తులనాత్మక భాషాశాస్త్రం ఈ క్రియాధాతువును సంస్కృతంలో 'రక్షించు' అనే అర్థమిచ్చే 'పా' ధాతువుతో కలుపుతుంది. గోప, గోపాల శబ్దాల్లో ఉన్న 'పా' ఇదే. వినగానే తట్టే 'పశు' శబ్దానికి మాత్రం దీనితో బంధుత్వం లేదు. పశు శబ్దానికి లాటిన్‌లో జ్ఞాతి 'పెకుస్'.

పాత ఫ్రెంచిలో నామవాచకాలకు రెండు విభక్తి రూపాలుండేవి. లాటిన్ ప్రథమా విభక్తి రూపం 'పాస్తోర్' నుంచి 'పాత్ర్' అనే మాట, ద్వితీయా రూపం 'పాస్తోరెమ్' నుంచి 'పాస్తర్' (మన 'పాశ్చర్') అనే మాట వచ్చాయి. ఒకే పదపు రెండు విభక్తులు రెండు వేర్వేరు మాటలుగా మిగలడం ఫ్రెంచిలో అరుదైన విషయమేమీ కాదు. మొదటి మాటలో సకారం కాలక్రమంలో లోపించింది. రెండోదానిలో చర్చి లాటిన్ ప్రభావం వల్ల నిలిచింది.

అర్థం

నేటి ఫ్రెంచిలో ఈ మాట ప్రధానంగా ప్రొటెస్టెంటు బోధకుణ్ణి సూచిస్తుంది. ఆ అర్థం పదహారో శతాబ్దపు మతసంస్కరణోద్యమం తర్వాత బలపడింది. ఫ్రెంచి ఇంటిపేర్లు అంతకు చాలా ముందే వంశపారంపర్యంగా స్థిరపడసాగాయి. కాబట్టి పాశ్చర్ ఇంటిపేరు విషయంలో 'మంద కాపరి' అన్నదే సరైన అర్థమని తీసుకోవాలి. పూర్వీకుల్లో మతబోధకుడు ఉన్నాడని ఈ పేరును బట్టి చెప్పలేం.

తెలుగు క్రైస్తవ సంఘాల్లో నిత్యం వినిపించే 'పాస్టరుగారు' అనే మాట కూడా ఈ లాటిన్ పదం నుంచే, ఇంగ్లీషు దారిలో వచ్చింది. అదే పదవికి తెలుగులో ఉన్న 'సంఘకాపరి' అనే మాట మూలార్థాన్ని ఉన్నదున్నట్టు పట్టుకుంది.

సమానార్థక ఇంటిపేర్లు

గొర్రెలు మేపడం ఐరోపా అంతటా ముఖ్య జీవనాధారం కావడంతో దాదాపు ప్రతి భాషలోనూ ఈ అర్థంతో ఇంటిపేర్లున్నాయి. స్పెయిన్‌లో పాస్తోర్, ఇటలీలో పాస్తోరె, ఇంగ్లండులో షెపర్డ్, జర్మనీలో షేఫర్, హంగరీలో పాస్తోర్, యుహాస్ అలాంటివే. ఫ్రాన్సులోనే కాపరి అర్థంలో 'బెర్జె' అనే ఇంటిపేరు పాశ్చర్ కంటే ఎంతో విస్తారంగా ఉంది. 'బెర్జె' మాట గొర్రెకు సంబంధించిన లాటిన్ పదం నుంచి వచ్చింది కనుక అది గొర్రెల కాపరికే చెందుతుంది. 'పాస్తర్' ఏ మందను మేపేవాడికైనా వర్తించేది.

తెలుగులో మంద, మేకల, గొర్రె, ఆవుల వంటి ఇంటిపేర్లు అర్థంలో దీనికి దగ్గరగా నిలుస్తాయి. అయితే తెలుగు ఇంటిపేర్లలో అధికభాగం ఊళ్ల పేర్ల నుంచి వచ్చాయి. గొల్లపూడి, గొల్లపల్లి వంటివి కాపరులను గుర్తు చేసినా నేరుగా సూచించేది ఊరినే. పైగా 'మేకల' అన్నంత మాత్రాన ఆ కుటుంబానిది పశుపోషక కులమని నిర్ధారించలేం. తెలంగాణలో గొర్రెల పెంపకం సంప్రదాయ వృత్తిగా గల కురుమలు, గొల్లలు (యాదవులు) తమ కులనామాన్ని సాధారణంగా ఇంటిపేరుగా వాడరు. వారికి విడిగా ఇంటిపేర్లున్నాయి. హైదరాబాదు నుంచి శామీర్‌పేట మీదుగా కరీంనగర్ వైపు సాగే రాజీవ్ రహదారి ప్రాంతంలో కాపరుల సంస్కృతి ఇప్పటికీ సజీవంగా ఉంది. కురుమలు, గొల్లలు కొలిచే కొమురవెల్లి మల్లన్న క్షేత్రానికి భక్తులు వెళ్లేది ఈ దారినే (చూ. ఒగ్గుకథ).

రెండు సంప్రదాయాల మధ్య ఉన్న మరో తేడా స్థానానిది. తెలుగులో ఇంటిపేరు వ్యక్తినామానికి ముందు వస్తుంది, ఫ్రెంచిలో తర్వాత వస్తుంది.

చరిత్ర

ఫ్రాన్సులో ఇంటిపేర్లు పదకొండు, పన్నెండో శతాబ్దాల నుంచి క్రమంగా వంశపారంపర్యమయ్యాయి. 1539లో వచ్చిన విలేర్-కోత్రే రాజశాసనం చర్చిలలో జ్ఞానస్నానాల నమోదును తప్పనిసరి చేసింది. దాంతో పేర్లు కాగితం మీద నిలిచాయి. విప్లవకాలంలో 1794 ఆగస్టులో చేసిన చట్టం జనన పత్రంలో ఉన్న పేరు తప్ప మరో పేరు ధరించరాదని శాసించింది. పాశ్చర్ వంటి వృత్తినామాలు ఆ వృత్తి మానేసిన కుటుంబాలకు కూడా అంటిపెట్టుకొని ఉండటానికి కారణం ఈ స్థిరీకరణే.

ఈ పేరు గల కుటుంబాల్లో చరిత్ర స్పష్టంగా తెలిసింది లూయీ పాశ్చర్ వంశానిదే. ఫ్రాంష్-కోంతేలోని మూత్ అనే మఠం పరిధిలోని గ్రామాల చర్చి పుస్తకాల్లో వీరి పూర్వీకులు సేద్యం చేసుకునేవారిగా కనిపిస్తారు. తర్వాతి తరంలో క్లోద్ పాశ్చర్ లెమ్యూయీ అనే ఊళ్లో పిండిమర నడిపాడు. ఈ ప్రాంతంలో భూమికి కట్టుబడిన దాస్యం ఫ్రాన్సులోని చాలాచోట్ల కంటే ఎక్కువ కాలం కొనసాగింది. లూయీ ముత్తాత క్లోద్-ఎతియెన్ పాశ్చర్ ఉద్రెసియే ప్రభువుకు కట్టుబడినవాడు. 1763లో నాలుగు బంగారు నాణేలు చెల్లించి, తనకూ తన సంతతికీ విముక్తి పత్రం రాయించుకున్నాడు. సలాన్ పట్టణంలో తోళ్లు ఊనే పని చేపట్టాడు. అతని కొడుకు, మనవడు కూడా అదే వృత్తిలో ఉన్నారు. మనవడు జాన్-జోసెఫ్ నెపోలియన్ సైన్యంలో సార్జెంటుగా పనిచేసి, తిరిగివచ్చి దోల్ పట్టణంలో తోళ్ల పని సాగించాడు. లూయీ అక్కడే 1822 డిసెంబరు 27న జన్మించాడు. అంటే ఈ కుటుంబంలో రైతు, మరయజమాని, తోళ్ల పనివాడు, సైనికుడు, శాస్త్రజ్ఞుడు తెలుస్తున్నారు. పేరులో ఉన్న కాపరి ఎవరో మాత్రం నమోదైన కాలానికి అందడు.

లూయీ వంశంలో ఈ పేరు ఎక్కువ కాలం నిలవలేదు. కుమారుడు జాన్-బాప్తిస్త్ దౌత్యాధికారిగా పనిచేసి సంతానం లేకుండానే 1908లో మరణించాడు. కూతురి కొడుకు, వైద్యుడైన లూయీ వలెరీ-రాదో (1886–1970) తాత పేరును తన పేరుకు చేర్చుకొని పాశ్చర్ వలెరీ-రాదో అయ్యాడు. తాత ప్రయోగశాల నోటుపుస్తకాలను 1964లో ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయానికి అప్పగించింది అతనే. అతనికీ సంతానం లేదు.

ఇతర పాశ్చర్లు

జెనీవా నుంచి వెళ్లిన ఒక పాశ్చర్ కుటుంబం పద్దెనిమిదో శతాబ్దపు అమెరికాలో కనిపిస్తుంది. వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్‌లో విలియం పాశ్చర్ వైద్యుడు, మందుల వ్యాపారి, నగర మేయరు. గాల్ట్ అనే భాగస్వామితో అతను నడిపిన మందుల దుకాణం నేడు ఆ చారిత్రక పట్టణంలో ప్రదర్శనశాలగా ఉంది. ఇంగ్లండులో ఇదే పేరు గల మరో వైద్యుడు ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో ఊపిరితిత్తుల కుంగుబాటును వివరించాడు. లూయీతో కలిపి ముగ్గురూ వైద్యంతో సంబంధమున్నవారు కావడం యాదృచ్ఛికమే తప్ప, వారి మధ్య దగ్గరి చుట్టరికం ఉందనడానికి అది ఆధారం కాదు.

వ్యాప్తి

ఇంటిపేరుగా పాశ్చర్ వ్యాప్తి పరిమితం. జూరా పర్వతాల పరిసరాలు, ఫ్రెంచి మాట్లాడే స్విట్జర్లాండు, వలస వెళ్లిన కొద్ది కుటుంబాలు దీని పరిధి. పేరుగా వ్యాప్తి అందుకు పూర్తిగా విరుద్ధం. ఫ్రాన్సులో వీధులకు అత్యధికంగా పెట్టిన పేర్లలో ఇదొకటి. వలస పాలన ముగిశాక వియత్నాంలో ఫ్రెంచి వీధి పేర్లు చాలావరకు మారినా, హోచిమిన్ నగరంలో పాశ్చర్ వీధి మిగిలింది. ఒక గ్రహశకలానికి కూడా ఈ పేరుంది.

పరిభాషలో ఈ పేరు

పాలు, ద్రాక్షసారాయి వంటి ద్రవాలను మరిగే స్థాయికి చేరకుండా వేడిచేసి సూక్ష్మజీవులను అణచే పద్ధతికి పాశ్చరీకరణ అని పేరు. లూయీ పాశ్చర్ 1860లలో ద్రాక్షసారాయి చెడిపోకుండా చూసేందుకు దీన్ని రూపొందించాడు. పాలకు వర్తింపజేయడం తర్వాతి మాట. పాలను 63 డిగ్రీల సెల్సియస్ వద్ద అరగంట, లేదా 72 డిగ్రీల వద్ద 15 సెకన్లు ఉంచడం వాడుకలో ఉన్న ప్రమాణాలు. పాల ప్యాకెట్టు మీద 'పాశ్చరైజ్డ్' అని అచ్చువేసి ఉన్నా ఇంటికి తెచ్చి మళ్లీ పొంగించడం తెలుగిళ్ల అలవాటు. ఫ్రెంచి ఇంటిపేరొకటి రోజూ పొద్దున్నే తెలుగు వంటింట్లోకి అడుగుపెట్టేది ఈ ప్యాకెట్టు మీదే.

పాడిరైతులకు తెలియకుండానే పరిచయమైన మరో రూపం పాశ్చురెల్లా. కోళ్ల కలరా కారకాన్ని 1879–80 మధ్య పాశ్చర్ బలహీనపరచి టీకాగా మార్చాడు. ఆ తరహా సూక్ష్మజీవుల ప్రజాతికి 1887లో త్రెవిసాన్ అనే శాస్త్రవేత్త ఈ పేరు పెట్టాడు. వానాకాలంలో గేదెలకు వచ్చే గొంతువాపు (గురక వ్యాధి) కలిగించేది పాశ్చురెల్లా మల్టోసిడా. వర్షాలకు ముందు పశువైద్య సిబ్బంది ఊళ్లలో వేసే టీకా దీనికే. హైదరాబాదు శాంతినగర్‌లోని పశువైద్య జీవ పరిశోధన సంస్థ పశువుల టీకాలను తయారుచేస్తుంది.

ఇంటిపేరు అర్థంతో కలిసివచ్చే ఘట్టం దొమ్మరోగానిది (ఆంథ్రాక్స్). 1881 మే 5న పూయీ-ల్-ఫోర్ అనే పల్లెలో పాశ్చర్ బృందం 24 గొర్రెలకు టీకా వేసింది. మరో 24 గొర్రెలను టీకా లేకుండా ఉంచింది. తర్వాత అన్నిటికీ రోగకారకాన్ని ఎక్కించారు. జూన్ 2న చూడవచ్చిన జనానికి టీకా వేసిన మంద నిలిచి ఉండగా మిగిలినది దాదాపుగా కూలిపోయి కనిపించింది. అదే ఏడాది లండను సభలో, ఆవు పేరు మీద, జెన్నర్ మశూచి టీకాతో వాడుకలోకి వచ్చిన 'వాక్సినేషన్' పదాన్ని అన్ని టీకాలకూ వర్తింపజేయాలని పాశ్చర్ ప్రతిపాదించాడు. తన పేరు పెట్టే అవకాశమున్న చోట జెన్నర్‌కు గౌరవం ఇచ్చాడని దీన్ని చదవవచ్చు.

భారతదేశంలో

1885 జులై 6న జోసెఫ్ మేస్తర్ అనే బాలుడికి కుక్కకాటు చికిత్స మొదలైంది. దాని విజయం తర్వాత విరాళాలు పోగై పారిస్‌లో పాశ్చర్ సంస్థ ఏర్పడింది. 1888 నవంబరు 14న ప్రారంభమైంది. అక్కడ పనిచేసిన వాల్డెమార్ హాఫ్‌కిన్ 1893లో భారతదేశానికి వచ్చి కలరా టీకాలు వేశాడు. 1900లో కసౌలీలోనూ, 1907లో నీలగిరుల్లోని కూనూరులోనూ పాశ్చర్ సంస్థలు వెలిశాయి. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పటి మద్రాసు రాజధానిలో భాగం. కూనూరు సంస్థ పరిధి కూడా దక్షిణాదే. ఈ ఫ్రెంచి పేరు తెలుగు ప్రాంతాలకు మొదట చేరిన దారుల్లో కుక్కకాటు చికిత్స ఒకటి.

హైదరాబాదులో నారాయణగూడలోని ఐపీఎం (వ్యాధి నివారణ సంస్థ) కుక్కకాటు టీకాకు తరతరాలుగా చిరునామా. బొడ్డు చుట్టూ వేసే ఇంజెక్షన్ల వరస పాతతరానికి గుర్తుండే ఉంటుంది. నాడీకణజాలంతో చేసే ఆ టీకా ఉత్పత్తి దేశంలో 2004 డిసెంబరుతో ఆగింది. కణవర్ధన టీకాలు దాని స్థానంలోకి వచ్చాయి.

తెలుగునాట ఫ్రెంచి ఇంటిపేర్లు

ఫ్రెంచివారి పేర్లు తెలుగు నేలకు కొత్త కావు. 1757 బొబ్బిలి యుద్ధంతో బుస్సీ పేరు జానపద గాథల్లోకి ఎక్కింది. నిజాం కొలువులో సేనాని అయిన మిషెల్ జోయాషిమ్ మరీ రేమండ్ (1755–1798) స్థానికుల నోట మూసా రామ్, మూసా రహీం అయ్యాడు. ముసారాంబాగ్ అతని పేరుమీదే ఏర్పడిందని చెబుతారు. అస్మాన్‌గఢ్ దగ్గర అతని సమాధి ఉంది. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న యానాంకు కూడా 1881 నాటి ఆజ్ఞ వర్తించింది. దాని ప్రకారం వ్యక్తిగత న్యాయాన్ని వదులుకొని ఫ్రెంచి పౌరన్యాయాన్ని స్వీకరించేవారు ఒక ఇంటిపేరును ఎంచుకోవాలి. ఫ్రెంచి భారతంలో కొందరు ఫ్రెంచి పేర్లనే ఎంచుకున్నారు. ఈ మార్గం పట్టినవారు ప్రధానంగా పుదుచ్చేరి, కారైకాల్ వాసులు (చూ. యానాం).

రేమండ్ పేరు జనం నోట నలిగి పేట పేరులో కలిసిపోయింది. పాశ్చర్ పేరు పుస్తకాల ద్వారా, ముద్రిత చీటీల ద్వారా వచ్చింది కనుక దాదాపు చెక్కుచెదరలేదు.

మేడ్చల్, శామీర్‌పేట

మేడ్చల్ హైదరాబాదు–నాగపూర్ జాతీయ రహదారి మీద, శామీర్‌పేట రాజీవ్ రహదారి మీద ఉన్నాయి. రెండూ 2016 అక్టోబరు 11న రంగారెడ్డి జిల్లా నుంచి విడదీసి ఏర్పరచిన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోవి. శామీర్‌పేట పరిసరాల్లోని తుర్కపల్లి కేంద్రంగా ఎదిగిన జీనోమ్ వ్యాలీలో టీకాల సంస్థలు గుంపుగా ఉన్నాయి. తుర్కపల్లిలో 1996లో స్థాపితమైన భారత్ బయోటెక్, కొల్తూరులో బయలాజికల్ ఇ సంస్థ ప్లాంటు వాటిలో ముఖ్యమైనవి.

పాశ్చర్ పేరు నేరుగా అడుగుపెట్టింది మాత్రం మేడ్చల్‌లో. కె.ఐ. వరప్రసాద్ రెడ్డి 1993లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్, మేడ్చల్ ప్లాంటు కేంద్రంగా 1997లో శాన్‌వాక్-బి అనే హెపటైటిస్-బి టీకాను విడుదల చేసింది. దేశంలో పునఃసంయోజక డీఎన్‌ఏ పద్ధతిలో తయారైన తొలి హెపటైటిస్-బి టీకా అది. దిగుమతి టీకాల ధరతో పోలిస్తే చాలా చౌక. తర్వాతి దశాబ్దంలో సంస్థలోని మెజారిటీ వాటా షాన్‌హెచ్ అనే ఫ్రెంచి కంపెనీ ద్వారా మెరియూ కుటుంబ సంస్థల చేతికి వెళ్లింది. ఇక్కడ ఇంకో ఫ్రెంచి ఇంటిపేరు కలుస్తుంది. పాశ్చర్ శిష్యుడైన మార్సెల్ మెరియూ 1897లో లియోన్ నగరంలో ప్రారంభించిన ప్రయోగశాలే ఆ కుటుంబ వ్యాపారాలకు మూలం. 2009లో సనోఫీ సంస్థ షాన్‌హెచ్ వాటాలను కొనడంతో శాంతా, ఆ సంస్థ టీకాల విభాగమైన సనోఫీ పాశ్చర్ కిందికి వచ్చింది. శాన్‌కాల్ అనే నోటి కలరా టీకా శాంతా నుంచి వచ్చిందే. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత దానికి లభించింది.

ఈ కొనుగోలు పన్ను వివాదానికి దారితీసింది. అమ్ముడైనవి ఫ్రెంచి కంపెనీ వాటాలైనా, అసలు విలువంతా మేడ్చల్‌లోని సంస్థదే కనుక మూలధన లాభం మీద పన్ను ఇక్కడ చెల్లించాలని ఆదాయపు పన్ను శాఖ వాదించింది. భారత్–ఫ్రాన్సు ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందం ప్రకారం ఆ లాభం మీద పన్ను వేసే హక్కు ఫ్రాన్సుదేనని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2013 ఫిబ్రవరి 15న తీర్పునిచ్చింది.

2022 ఫిబ్రవరిలో సనోఫీ తన విభాగాలన్నిటినీ ఒకే పేరు కిందికి తెచ్చి 'పాశ్చర్'ను వ్యాపార నామం నుంచి తొలగించింది. తీర్పు మాత్రం పన్ను న్యాయవాదుల వాడుకలో ఇప్పటికీ 'సనోఫీ పాశ్చర్ కేసు'గానే ఉంది.